ఖుద్దూస్ గోడ మీది సాక్షి బిళ్ళ

ఖుద్దూస్ నన్ను చూడగానే సుత్తి కింద పెట్టి రెండు చేతులూ ముందుకు చాపాడు.

"వేసెయ్ బాలరాజూ, బేడీలు. సాయంత్రం నాలుగింటి దాకా ఎందుకు? పొద్దున్నే అయితే చల్లగా పోవచ్చు."

నేను హెడ్ కానిస్టేబులుగా రిటైరై మూడేళ్ళయింది. బేడీల సంగతి అటుంచి, చేతిలో లాఠీ కూడా లేదు. ఇప్పుడు నా ఉద్యోగం ఒకటే. షాయిస్తా స్కూటర్ వెనక కూర్చుని, మోకాలు నొప్పి అని గొణుగుతూ, ఆమె వెళ్ళిన చోటల్లా వెళ్ళడం. మార్కాపురంలో 'ప్రైవేట్ డిటెక్టివ్' అని బోర్డు పెట్టిన మొదటి మనిషి ఆమే. మా ఆవిడ లెక్కలో ఆఖరి మనిషి కూడా ఆమే. అంతకుముందు తొమ్మిదేళ్ళు బస్సు బాడీలు కట్టే షెడ్డులో పనిచేసింది. అందుకే రేకు కేసు అనగానే బిర్యానీకి పిలిచినంత సంతోషంగా బయల్దేరింది.

కేసు ఇది. పెద్దారవీడు అవతల, నల్లమల పాదాల దగ్గర ఒక గూడెం. అక్కడి పద్నాలుగు కుటుంబాలు అడవిలో తీసిన తేనెనంతా ఒక స్టీలు ట్యాంకులో పోసి దాచుకున్నాయి. మూడు వందల ఎనభై లీటర్లు, వాళ్ళ ఈ సీజను కష్టమంతా. నిన్న, సోమవారం, మధ్యాహ్నం పన్నెండుకు కొనేవాళ్ళ తరఫున ఒకతను వచ్చి తేనె పరీక్ష చేయాలి. పదకొండూ ఇరవైకి ట్యాంకు అడుగున చిరిగి మొత్తం నేలపాలైంది. మూడింటికి ఒంగోలు నుంచి బీమా సర్వేయరమ్మ వచ్చి కొలిచింది. ఒప్పుకున్నది పాయింట్ ఎనిమిది మిల్లీమీటర్ల రేకు, వేసింది పాయింట్ ఐదు అని తేల్చింది. ఆ ట్యాంకు చేసినవాడు ఖుద్దూస్. ఇవాళ నాలుగింటికి గూడెం గుంపు కూర్చుని అతని మీద రాసిన ఫిర్యాదుకు సంతకాలు పెడుతుంది. ఆ తర్వాత స్టేషను. నలభై ఏళ్ళుగా ఈ తాలూకాలో పెళ్ళి వంటల డేగిసాలన్నీ చేసిన మనిషి దొంగరేకు ఖుద్దూస్ అవుతాడు.

"చేతులు దించు చాచా," అంది షాయిస్తా, స్టూలు లాక్కుని కూర్చుంటూ. "నేను అడిగేదానికి అడిగినంతే చెప్పు. రేకు ఎంత మందం?"

"పాయింట్ ఎనిమిది."

"కొలిచినావా?"

"గోరుతో కొట్టి విన్నా. నలభై ఏళ్ళ గోరు ఇది."

"సర్వేయరమ్మ దగ్గర స్క్రూ గేజి ఉంది. నీ గోరును కోర్టు ఒప్పుకోదు. సాక్షి బిళ్ళ ఏది?"

అదొక పద్ధతి, ఈ వీధిలో ఖుద్దూస్ ఒక్కడికే ఉంది. ట్యాంకు పైన మూతి కోసినప్పుడు గుండ్రటి ముక్క ఒకటి ఊడిపడుతుంది. దాన్ని పారెయ్యడు. బెజ్జం కొట్టి, తీగకు గుచ్చి, అట్టముక్క మీద కొన్నవాళ్ళ పేరు రాసి కట్టి, గోడకు తగిలిస్తాడు. వాళ్ళ నాయన నేర్పింది. ఫిర్యాదుకు ఎవరన్నా వస్తే బిళ్ళ చూపించాలి, నోరు చూపించకూడదు అనేవాడట ఆయన. ఏ ట్యాంకు రేకు ఎట్లాంటిదో దాని బిళ్ళే సాక్ష్యం.

ఖుద్దూస్ లేచి 'తేనె - మల్లేశ్వరమ్మ' అని రాసున్న బిళ్ళ తీసి ఇచ్చాడు. అతని ముఖం చిన్నబోయింది. "నిన్న ఆరింటికి వచ్చి ఆమె దీన్నీ కొలిచింది. పాయింట్ ఐదే వచ్చింది."

"నువ్వు గోరుతో కొట్టు."

కొట్టాడు. సన్నగా మోగింది. "ఐదే," అన్నాడు. "నా చేతి బిళ్ళే బేటీ. ఆ ట్యాంకుది మాత్రం కాదు."

"ఆమెకు చెప్పలేదేంది?"

"చెప్పినా. దొంగలంతా అట్లనే అంటారంది."

"గోడ మీద బిళ్ళలు ఎన్ని?"

"నూట పదకొండు. ప్రతి జుమ్మాకు తుడిచి లెక్కపెడతా. మొన్న శుక్రవారం పొద్దున నూట పదకొండు, ఇయ్యాల నూట పదకొండు."

"నమాజుకు పోయినప్పుడు షట్టరు వేస్తావా?"

"ఎందుకు? కుర్చీ అడ్డం పెట్టి పోతా. కుర్చీ ఉంటే ఎవరూ లోపలికి రారు."

నా ముప్ఫై రెండేళ్ళ సర్వీసులో కుర్చీకి భయపడిన దొంగను ఒక్కణ్ణి కూడా చూడలేదు. ఆ మాట అనబోయి మానేశాను. అసలే బాధలో ఉన్నాడు.

"పాయింట్ ఐదుతో ఎవరికన్నా చేసినావా?" అంది షాయిస్తా.

"చేసినా, నాలుగైదు. తేలికగా కావాలంటారు. వద్దు నాయనా, పలచని రేకుకు ఒక్క గాటు పడితే చీర చిరిగినట్టు చిరుగుతాదని చెప్తా. వింటేగా."

"ఎవరెవరు?"

"పేర్లు అట్టముక్కల మీద ఉంటాయి బేటీ, నా బుర్రలో ఉండవు."

"చిరుగు మొదలైతే ఏం చేస్తావ్?" అని నేనడిగాను, ఊరికే.

"చిరుగు కొస ఎక్కడుందో అక్కడ పంచ్ పెట్టి గుండ్రంగా బెజ్జం కొడతా. సూది మొన లాంటి కొస పోయి గుండ్రం వస్తాది. ఇంక ముందుకు పోదు. ఆ తర్వాత తీరిగ్గా అతుకేసుకోవచ్చు."

షాయిస్తా గోడ మొత్తాన్ని ఫోనులో ఫోటో తీసుకుంది. పనికిరాని ముక్కల్లోంచి పాయింట్ ఐదుది ఒకటి, ఎనిమిదిది ఒకటి ఏరించింది. అంతలో బయట హారను మోగింది. ఖుద్దూస్‌ను మీటింగుకు తీసుకురమ్మని గూడెం నుంచి గుంపు నాయకురాలు మల్లేశ్వరమ్మ పంపిన మినీ వ్యాను అది. దాని ఓనరూ డ్రైవరూ ప్రవీణ్ కుమార్. గుంపు రాతకోతలు చూసేదీ, అడవి అంచుల్లోంచి తేనె డబ్బాలు మోసుకొచ్చేదీ అతనే. నవ్వుముఖం. దిగీదిగగానే అందరికీ టీ తెప్పించాడు. ఖుద్దూస్ పనిముట్ల సంచీ తనే ఎత్తి వ్యాను వెనక పెట్టాడు. అక్కడ ఎప్పుడూ ఉండే నీళ్ళ ట్యాంకు పక్కన.

"బాధపడొద్దు చాచా," అన్నాడు. "పెద్దవాళ్ళు, కళ్ళు కనపడక రేకు మారిపోయి ఉంటాది. అందరం చెప్పి చూస్తాం."

స్కూటరు మీద షాయిస్తా ముందు వెళ్ళింది. మోకాలి పుణ్యమా అని నాకు వ్యానులో, ఖుద్దూస్ పక్కన, ముందు సీటు దొరికింది. పెద్దారవీడు దాటాక చిన్న ఎత్తు వస్తుంది. అక్కడ వ్యాను రెండో గేరులో కూడా ఎక్కలేక మూలిగింది.

"మా ఇద్దరి బరువుకే ఇంత ఏడుస్తాదా?" అన్నాను.

"ఇంజను పాతదన్నా," అన్నాడు ప్రవీణ్, నవ్వుతూనే.

పదకొండూ పదికి గూడెం చేరాం. మల్లేశ్వరమ్మ కొట్టం వాకిట్లోనే నిలబడి ఉంది. ఖుద్దూస్ చేత ట్యాంకు చేయిద్దామని పట్టుబట్టింది ఆమే కాబట్టి, ఇప్పుడు పద్నాలుగు ఇళ్ళ కోపమూ ఆమె మీదే ఉంది. ఖుద్దూస్ ముఖం కూడా చూడలేదు. మాకు మాత్రం నీళ్ళు తెమ్మంది. ప్రవీణ్ బిందె తీసుకుని బోరింగు దగ్గరికి వెళ్ళి కొట్టుకొచ్చాడు.

"బండిలో ట్యాంకు పెట్టుకుని బిందె మోస్తావేంది?" అంది మల్లేశ్వరమ్మ.

"పాచి పట్టిందత్తా, కడగాలి."

కొట్టం ఒకటే గది. నేల మీద మార్కాపురం పలకరాయి పరచడం సగంలో ఆగింది, మిగిలిన రాళ్ళు గోడవార పేర్చి ఉన్నాయి. మధ్యలో ఇటుకల మీద ట్యాంకు. అడుగున, కుళాయి పక్క నుంచి మొదలై చుట్టూ పాకిన చిరుగు. టేపు పెడితే ముప్ఫై ఒక్క అంగుళం వచ్చింది. తాళంచెవులు రెండు. ఒకటి మల్లేశ్వరమ్మ మొలలో, ఇంకొకటి డబ్బాలు దించడానికి ప్రవీణ్ దగ్గర.

"విన్నదెవరు?" అంది షాయిస్తా.

కొండన్న ముందుకొచ్చాడు. అరవై ఏళ్ళ మనిషి, ఇప్పటికీ తాడు కట్టుకుని కొండ చరియ మీంచి దిగి తేనె తీస్తాడు. నిన్న ఆ టైముకు గుడిసె వెనకాల తుట్టె పిండుతున్నాడు.

"ఎట్లాంటి చప్పుడు మామా? ఢామ్మనిందా?"

"లేదమ్మా. ఏదో బండి గేరులో ఏడిచింది. ఆనక కిర్రుమని పొడుగ్గా, చీర చింపినట్టు. ఒక ఊపిరి తీసి వదిలేంత సేపు. పరిగెత్తుకొచ్చినా. నేనొచ్చేటప్పటికే వాకిలి దాటి కాలవలోకి పారిపోయింది తేనె."

"గుడిసె నుంచి ఇక్కడికి ఎంతసేపు?"

"ఒక బీడీ వెలిగించేంత."

షాయిస్తా వాకిలి నుంచి కాలవ దాకా అడుగులు కొలిచింది. ఇరవై రెండు. తర్వాత కొండన్న ఇంట్లోంచి గిన్నెడు తేనె తెప్పించి, నిన్న పారిన చోటు పక్కనే నేల మీద గరిటెడు ఒంపి, వాచీ చూస్తూ కూర్చుంది. ఆడవాళ్ళంతా మూతికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వారు. ఐదు నిమిషాలు గడిచినా ఆ తేనె జానెడు కూడా కదల్లేదు.

"నిన్న అందులోకి దిగినప్పుడు కాళ్ళకు అంటుకుందా మామా?"

కొండన్న ఆలోచించాడు. అతని ముఖంలో మెల్లగా ఏదో మారింది. "లేదే. నీళ్ళ మాదిరి జారింది. నేను ఆ కంగారులో..." అని ఆగిపోయి, నేల మీద ఎండి అట్టకట్టిన దాన్ని గోటితో గీకి నాలుక మీద పెట్టుకున్నాడు. "బెల్లం. అమ్మా, ఇది బెల్లం పాకం."

గూడెం అంతా ఒక్కసారి గొల్లుమంది. ఏడుపో కోపమో నాకు తెలియలేదు, రెండూ ఉన్నాయి. మల్లేశ్వరమ్మ మాత్రం గట్టిగా ఊపిరి పీల్చుకుంది. "అంటే మా తేనె ఎక్కడో ఉంది," అంది. నాకు ఆమె మీద గౌరవం కలిగింది. పోయిందని ఏడవకుండా ఉందని పట్టుకున్న మనిషి ఆమె ఒక్కతే.

ఒంటిగంటన్నరకు సర్వేయరమ్మ కారు వచ్చింది. ఎలీషబా గారు, ఇంజనీరు, తెల్ల కాటన్ చీర, చేతిలో తోలుపెట్టెలో స్క్రూ గేజి. షాయిస్తాను చూసి చెప్పులు విడవకుండానే మొదలుపెట్టింది.

"మీ సంగతి విన్నాను. కందకు లేని దురద కత్తిపీటకెందుకండీ? రేకు కొలిచాను, రిపోర్టు రాశాను. చిరుగు అంచున ఆరు చోట్ల, అన్నీ పాయింట్ ఐదు, పాయింట్ ఐదున్నర. షాపులో బిళ్ళ కూడా అంతే."

"ఆరూ చిరుగు అంచునేనా మేడమ్?"

"చిరిగింది అక్కడే కదా."

"ఒక్క అంగుళం లోపలికి పెట్టి చూడండి."

ఎలీషబా విసుగ్గా వంగి, గేజిని లోపలికి జరిపి తిప్పింది. మళ్ళీ తిప్పింది. ఇంకో చోట పెట్టింది. ఆమె నుదుటి మీద చెమట పట్టడం నేను చూశాను. ఆ సమయంలో నాకు చాలా హాయిగా ఉందని ఒప్పుకుంటున్నాను.

"పాయింట్ ఎనిమిది," అంది చివరికి.

ఖుద్దూస్ తల ఎత్తాడు. షాయిస్తా గొంతు పెంచలేదు. "చపాతీ పిండిని రెండు చేతులా లాగితే తెగే ముందు తెగే చోట పలచబడుతుంది. రేకూ అంతే. పలచగా ఉందని చిరగలేదు మేడమ్. చిరగబోతూ పలచబడింది. ఇది మీకు నాకన్నా బాగా తెలుసు."

"తెలుసు," అంది ఎలీషబా. అబద్ధం చెప్పకపోవడం నాకు నచ్చింది. "మరి కుళాయి పక్క మొదటి నాలుగంగుళాలూ..." వేలితో తడిమి చూసింది. "ఇక్కడ సాగలేదు. అంచు నిండు మందంతో, నున్నగా ఉంది."

"కత్తెర. ముందు నాలుగంగుళాలు కత్తిరించినారు. ఆ కొస బయటికి వంగి ఉంది, కొక్కెం తగిలించినట్టు. ఆ పైన బండికి కట్టి లాగినారు, పన్నెండింటి పరీక్షలో పాకం బయటపడకుండా."

ఎలీషబా నడుము మీద చెయ్యి పెట్టుకుంది. ఓడిపోవడం ఆమెకూ ఇష్టం లేదు. "కత్తిరించిన తర్వాత లోపలి బరువుకే చిరిగి ఉండొచ్చుగా? మూడు వందల ఎనభై లీటర్లు. లాగాల్సిన పనేముంది?"

"పాయింట్ ఐదు అయితే అనుకోవచ్చు. ఎనిమిదికి కాదు."

"ఒకటిన్నర రెట్లే కదా తేడా."

"మందం ఒకటిన్నర రెట్లే. పట్టు అంతకన్నా ఎక్కువ. పందెమా?"

పందెం అనేసరికి గూడెం మొత్తం చుట్టూ మూగింది. షాయిస్తా రెండు రేకు ముక్కలనీ ఒకే వెడల్పు పట్టీలుగా ఖుద్దూస్ చేత కోయించింది. ఒక్కోదాన్ని కొస నుంచి సగం దాకా మధ్యకు చీల్చి, నిక్కరు మాదిరి రెండు కాళ్ళు చేయించింది. ఎలీషబా తన గేజితో రెంటినీ కొలిచి తలూపింది. ఒక కాలు కొట్టం వాసానికి కట్టి, రెండో కాలికి గోనెసంచి వేలాడదీశారు. సంచిలో గోడవార ఉన్న పలకరాళ్ళు. ఒక్కోటీ దాదాపు రెండు కిలోలు. లెక్క నేను పెట్టాను, నా జీవితంలో అంతమంది నా మాట విన్నది అదే మొదటిసారి.

పలచని పట్టీ ఎనిమిది రాళ్ళు మోసింది. తొమ్మిదోది వేయగానే కిర్రుమంటూ చివరిదాకా చిరిగి సంచి నా కాలి పక్కన పడింది.

"అదే," అన్నాడు కొండన్న. "నిన్న విన్నది అదే చప్పుడు."

మందం పట్టీ కట్టాం. తొమ్మిది అయ్యాయి. ఒకటిన్నర రెట్లంటే పద్నాలుగు, అదీ దాటింది. పదహారు. ఇరవై. సంచి కుట్లు చిట్లుతాయేమోనని భయమేసింది కానీ రేకు కొద్దిగా వంగిందంతే. ఇరవై మూడో రాయికి బద్ధకంగా చిరగడం మొదలుపెట్టింది.

"చిరిగే కొస ముందు రేకు సాగి సన్నబడాలి, ఆ తర్వాతే తెగుతుంది," అంది షాయిస్తా, అందరికీ వినపడేలా. "పలచని రేకులో సాగడానికి సరుకు లేదు. మందంగా ఉంటే ఆ కొస దగ్గర చాలా సరుకును లాగి సాగదీయాలి. అందుకే మందం పెరిగినదానికన్నా పట్టు ఎక్కువ పెరుగుతుంది."

"పలచని రేకుల్లోనే," అంది ఎలీషబా, ఒక్క ముక్కైనా తనది ఉండాలని. "మరీ మందమైన దిమ్మెల్లో ఇది తిరగబడుతుంది. అవి సాగకుండా పుటుక్కున పగులుతాయి."

"అది మీరే చెప్పాలి మేడమ్," అంది షాయిస్తా. ఇద్దరూ మొదటిసారి నవ్వుకున్నారు.

మల్లేశ్వరమ్మ నడుచుకుంటూ ఖుద్దూస్ ముందుకు వచ్చి నిలబడింది. "తప్పైంది భాయ్," అంది. అంతే. ఖుద్దూస్ తువ్వాలుతో ముఖం తుడుచుకుని, తుడుచుకుంటూనే ఉండిపోయాడు.

"ఇంక రెండే మాటలు," అంది షాయిస్తా. వాకిలి అవతల ఆగి ఉన్న వ్యాను వైపు చూడకుండానే అంది. "మేడమ్, ఖుద్దూస్ చాచా గోడకు బిళ్ళలు తగిలిస్తాడని మీకెవరు చెప్పినారు? ఒంగోలు మనిషికి ఎట్ల తెలుస్తాది?"

"ఇక్కడ చెప్పారు నిన్న. ఆ డ్రైవరు. షాపుకు దారి కూడా తనే చూపించాడు."

ప్రవీణ్ కుమార్ జనం వెనకాల నిలబడి ఉన్నాడు. "నేను మంచికే చెప్పినా," అన్నాడు. "నేనెందుకు మారుస్తా బిళ్ళ?"

బిళ్ళ మారిందని గూడెంలో అప్పటిదాకా ఎవరూ అనలేదు. గుమ్మడికాయ దొంగ ఎవరంటే భుజాలు తడుముకోవడం వినడమే కానీ, కళ్ళారా చూసింది అప్పుడే.

షాయిస్తా తన సంచిలోంచి బిళ్ళ తీసింది. తేనె ట్యాంకు మూతి మీద పెట్టింది. ఒకపక్క ఆనింది, ఇంకోపక్క వేలెడు సందు మిగిలింది.

"చాచా చేత్తో కోస్తాడు. ఆయన గుండ్రం ఎప్పుడూ కోడిగుడ్డే, ఏ రెండూ ఒకటి కావు. ఒక బిళ్ళ దొంగిలిస్తే లెక్కలో నూట పది వచ్చి తెలిసిపోతుంది. అందుకే దొంగిలించలేదు. శుక్రవారం చాచా కుర్చీ అడ్డం పెట్టి నమాజుకు పోయినప్పుడు రెండు బిళ్ళల అట్టముక్కలు అటుదిటు మార్చినారు, అంతే. అంటే ఈ ట్యాంకు అసలు బిళ్ళ ఇప్పటికీ ఆ గోడ మీదే ఉంది. ఎవరి పేరుతో ఉందో చూద్దామా?" అని ఫోను ఎలీషబా చేతికిచ్చింది. "ఈ ఫోటోలో వ్యాను నీళ్ళ ట్యాంకు అని రాసున్నది వెతకండి మేడమ్. బాలరాజు మామా, నువ్వు ఈలోపు ఆ వ్యాను ఎక్కి, మూత తీసి, ఈ బిళ్ళ పెట్టి చూడు."

మోకాలు అని గొణగడానికి కూడా టైము తీసుకోలేదు. మూత బిగుసుకుని ఉంటుందేమోనని ఖుద్దూస్ పనిముట్ల సంచి పట్టుకుని వెనక ఎక్కాను, మూత తిప్పాను, బిళ్ళ పెట్టాను. టిక్ మని కూర్చుంది. తల్లి ఒడిలో బిడ్డ కూర్చున్నట్టు, చుట్టూ వెంట్రుకంత సందు లేకుండా. బిళ్ళ తీసి లోపలికి వేలు పెట్టాను. వేలు నెమ్మదిగా దిగింది. బయటికి తీస్తే తీగలా సాగింది. నాలుక మీద పెట్టుకుంటే నల్లమల అంతా నోట్లో ఉంది.

"షాయిస్తమ్మా, తేనె," అని కేక వేశాను.

దానికి జవాబుగా ఇంజను స్టార్టయింది.

ప్రవీణ్ ఎప్పుడు చుట్టూ తిరిగి వచ్చాడో నేను చూడలేదు. ముప్ఫై రెండేళ్ళ పోలీసు బుర్ర తేనె రుచిలో పడి ఉంది. వ్యాను ఒక్క కుదుపుతో కదిలింది. నేను ట్యాంకు మీద బోర్లా పడ్డాను. వెనకాల మల్లేశ్వరమ్మ, కొండన్న, తెల్లచీర ఎత్తిపట్టి ఎలీషబా, అందరూ పరిగెత్తడం కనపడింది. షాయిస్తా మాత్రం పరిగెత్తలేదు, స్కూటరు కిక్కు కొడుతోంది. ఆ స్కూటరు నాలుగో కిక్కుకు గానీ స్టార్టవదని నాకు తెలుసు.

మట్టిరోడ్డు గతుకులు మొదలయ్యాయి. మొదటి గతుకుకే ఆ చప్పుడు విన్నాను. కిర్రు.

చూశాను. వ్యాను పక్కగోడలో పొడుచుకొచ్చిన బోల్టు ఒకటి, ఏడాదిగా రాసుకుని రాసుకుని ట్యాంకుకు అంగుళం గాటు పెట్టి ఉంది. నీళ్ళు సగం పోసినప్పుడు ఆ గాటు ఊరుకుంది. ఇప్పుడు లోపల నిండా తేనె. నీళ్ళకన్నా దాదాపు ఒకటిన్నర రెట్లు బరువు. రేకు పాయింట్ ఐదు. ఇంకో గతుకు. గాటు రెండంగుళాలైంది, బంగారు రంగు చుక్క ఒకటి కొసన తొంగిచూసింది. పద్నాలుగు ఇళ్ళ సీజను నా కళ్ళ ముందు చిరుగుతోంది.

ఖుద్దూస్ మాట గుర్తొచ్చింది. సంచి బోర్లించాను. పంచ్ దొరికింది, సుత్తి దొరికింది. మోకాలు ట్యాంకుకు అదిమి, చిరుగు సరిగ్గా ఎక్కడ ఆగిందో అక్కడ పంచ్ ఆనించి మూడు దెబ్బలు కొట్టాను. మూడోది నా వేలి మీద కూడా పడింది. గుండ్రటి బెజ్జం పడింది. తర్వాతి గతుకు నా పళ్ళు కదిలించింది కానీ చిరుగు మాత్రం బెజ్జం దాటలేదు. బెజ్జంలోంచి తేనె ఉబికింది. ఎడమ బొటనవేలితో మూశాను. పదవీ విరమణ చేసిన ఉద్యోగికి ఇంతకన్నా తియ్యటి డ్యూటీ ఉండదనుకుని నవ్వొచ్చింది.

ముందు అద్దంలో ప్రవీణ్ కళ్ళు నన్ను చూశాయి. అతను ఇంకా గేరు పెంచాడు. ఆ రోడ్డు పోయేది గిద్దలూరుకు, అది ఇంకా చాలా దూరం. వెనకాల దుమ్ములో, చాలా చిన్నగా, స్కూటరు లైటు.

అప్పుడు ట్యాంకు అవతలి పక్క నుంచి కిర్రుమని ఇంకో చప్పుడు వినపడింది. బోల్టులు రెండుపక్కలా ఉంటాయని నాకు అప్పుడే తట్టింది. బొటనవేలు ఇంకోటి ఉంది. అంతదూరం చాపగల చెయ్యి మాత్రం లేదు.